మందు అదే, చోటు వేరు: నర్సులు రోజూ ఇచ్చే మందుల గురించి

(నర్సింగ్ విద్యార్థులను, కొత్తగా డ్యూటీలో చేరినవారిని ఉద్దేశించి చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. నర్సులు తరచుగా ఇచ్చే మందుల గురించి మాట్లాడమని నన్ను అడిగారు. ఈ మాట వినగానే మీలో కొందరు నోటుపుస్తకం తెరిచి, ఒకవైపు మందు పేరు, ఇంకొకవైపు డోసు రాసుకోవడానికి మధ్యలో గీత గీసేశారు. నాకు ఇక్కడి నుంచి కనిపిస్తూనే ఉంది. గీసినవారు గీశారు, ఉండనివ్వండి. కానీ నేను పట్టిక చెప్పడానికి రాలేదు. పట్టిక మీ ఫార్మకాలజీ పుస్తకంలో నేను చెప్పగలిగినదానికంటే పొందికగానే ఉంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఒకే మందు అత్యవసర విభాగంలో ఒక రకమైన ప్రమాదాన్ని, ప్రసూతి గదిలో ఇంకొక రకమైన ప్రమాదాన్ని, వృద్ధుల సంరక్షణ కేంద్రంలో మరొక రకమైన ప్రమాదాన్ని వెంట తెస్తుంది. కాబట్టి ఇవ్వబోయే ముందు ఏం చూడాలి, ఇచ్చిన తర్వాత ఏం కనిపెట్టుకుని ఉండాలి అనే రెండు ప్రశ్నలకు జవాబు మనం నిలబడిన చోటును బట్టి మారుతుంది.

సరైన రోగి, సరైన మందు, సరైన డోసు, సరైన మార్గం, సరైన సమయం. ఈ ఐదూ మీకు కంఠస్థమే. వాటిని వదిలిపెట్టమని నేను అనడం లేదు. కానీ ఐదూ సరిగ్గా ఉన్నప్పుడు కూడా రోగికి హాని జరగవచ్చునని మీకు తెలుసా? గుండె జబ్బుకు ఇచ్చే డిగాక్సిన్ సంగతి చూద్దాం. రోగి సరైనవాడే, మాత్ర సరైనదే, డోసు, వేళ అన్నీ చార్టులో రాసినట్టే ఉన్నాయి. అయితే ఆ ఉదయం అతని గుండె నిమిషానికి 48 సార్లే కొట్టుకుంటోంది. ఇస్తారా? ఇవ్వకూడదు. పెద్దవారిలో 60 కంటే తగ్గితే మాత్రను పక్కన పెట్టి డాక్టరుకు చెప్పాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే సరిపోదు. స్టెతస్కోపును గుండె కొన మీద ఆనించి పూర్తిగా ఒక నిమిషం వినాలి, ఎందుకంటే ఈ మందు వాడేవారిలో చాలామందికి గుండె లయ సమంగా ఉండదు. అదే రోగికి ఒంట్లో నీరు తగ్గడానికి ఫ్యురోసెమైడ్ కూడా ఇస్తున్నారనుకోండి. అది మూత్రంతోపాటు పొటాషియంను కూడా బయటికి పంపేస్తుంది. పొటాషియం తగ్గిన కొద్దీ డిగాక్సిన్ విషంగా మారే అవకాశం పెరుగుతుంది. వికారం, ఆకలి లేకపోవడం, వస్తువులు పసుపుపచ్చగా కనిపించడం దాని గుర్తులు. ‘సిస్టర్, అన్నం సయించడం లేదు’ అని రోగి చెప్పిన మాటను మామూలు ఫిర్యాదుగా తీసుకుని ముందుకు వెళ్ళిపోవడం ఎంత తేలికో చూడండి.

అన్నిటికంటే ఎక్కువగా మన చేతి మీదుగా వెళ్ళే మందు పారాసెటమాల్. దానికి ఎవరూ భయపడరు. అదే దానితో వచ్చిన చిక్కు. పెద్దవారికి ఇరవైనాలుగు గంటల్లో అన్ని రూపాల్లోనూ కలిపి 4 గ్రాములు దాటకూడదు. బక్కచిక్కినవారికి, కాలేయం దెబ్బతిన్నవారికి ఆ పరిమితి ఇంకా తక్కువ. అన్ని రూపాల్లోనూ కలిపి అన్నాను, గమనించండి. జ్వరానికి మాత్ర, నొప్పికి వేరే మందుతో కలిపిన ఇంకొక మాత్ర, జలుబుకు ఇంకొకటి. మూడింటిలోనూ ఇదే ఉండవచ్చు. కాలేయానికి జరిగే దెబ్బ మొదటి రోజు పెద్దగా బయటపడదు, రోగి బాగానే కనిపిస్తాడు. దానికి విరుగుడైన ఎసిటైల్‌సిస్టీన్‌ను ఎంత త్వరగా మొదలుపెడితే అంత బాగా పనిచేస్తుంది కాబట్టి, మనిషి బాగానే ఉన్నాడు కదా అని ఆగడానికి వీల్లేదు. ఇక పిల్లల వార్డుకు వెళితే లెక్కే మారిపోతుంది. అక్కడ వయసును బట్టి కాదు, బరువును బట్టి, కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తాం. నరంలోకి ఇచ్చే పారాసెటమాల్‌లో ఒక మిల్లీలీటరులో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. 75 మిల్లీగ్రాములు అని రాస్తే, దాన్ని 75 మిల్లీలీటర్లని చదివినవారు పసిబిడ్డకు పది రెట్లు మందు ఎక్కించినట్టే. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు, వైద్య సాహిత్యంలో నమోదైన పొరపాటు. చంటిబిడ్డ దగ్గర మీరు రెండోసారి లెక్క చూసుకోవడం అనుమానం కాదు, ఆలస్యం అంతకంటే కాదు.

ఇప్పుడు ఇన్సులిన్ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనిషికి మొదటిసారి 1922లో ఇచ్చిన ఈ మందు వందేళ్ళు దాటినా ఇంకా ప్రమాదాల జాబితాలో ముందు వరుసలోనే ఉంది. ఎందుకు? దీన్ని యూనిట్లలో కొలుస్తాం. ఎక్కువ దేశాల్లో మిల్లీలీటరుకు 100 యూనిట్లు ఉంటే, కొన్నిచోట్ల 40 యూనిట్ల వయల్ (మందు సీసా) కూడా దొరుకుతుంది. వయల్ ఒకటి, దానికి తగని సిరంజి ఇంకొకటి అయితే ఏమవుతుందో మీరే లెక్క వేయండి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను 40 యూనిట్ల సిరంజిలో 40 గీత దాకా లాగితే, అది 40 కాదు, 100 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు. అలాగే యూనిట్ అనే మాటను పొట్టి చేసి ఒక్క ఇంగ్లీషు అక్షరంతో రాస్తే, తొందరలో అది సున్నాలాగా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది. అందుకే పూర్తి మాటనే రాయాలి, ఎవరు నవ్వినా సరే.

ఇంకా ఉంది. వెంటనే పనిచేసే ఇన్సులిన్‌ను భోజనం పళ్ళెం రోగి ముందుకు వచ్చాకే ఇవ్వాలి. పళ్ళెం ఇంకా వంటగదిలోనే ఉండగా ఇచ్చేసి, ఈలోపల రోగిని ఎక్స్‌రేకు తీసుకువెళ్ళారనుకోండి, షుగర్ పడిపోవడానికి మనమే దారి వేసినట్టు. వార్డులో అయితే చెమట, వణుకు, అయోమయం చూడటానికి మీరు ఉంటారు. శస్త్రచికిత్స తర్వాత మత్తులో ఉన్నవారిలోనూ, గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారిలోనూ ఆ గుర్తులు సరిగ్గా కనిపించవు. అక్కడ కంటిని నమ్మకూడదు, గ్లూకోమీటరునే నమ్మాలి. ఇంటి దగ్గర చూసుకునే రోగి విషయంలో ఇంకొక కథ. చూపు తగ్గిన మనిషి ఇన్సులిన్ పెన్ను మీద డోసు అంకె తిప్పుకోగలడా? ఒకే చోట రోజూ పొడుచుకుని అక్కడి చర్మం గట్టిపడిందా? అలా గట్టిపడిన చోట వేసిన ఇన్సులిన్ ఒక్కోరోజు ఒక్కోలా ఒంట పడుతుంది. షుగర్ అదుపు తప్పిందని డోసు పెంచకముందు రోజూ పొడుచుకునే ఆ చోటును ఒకసారి చేత్తో తడిమి చూడండి. షుగర్ 70 కంటే తగ్గి, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే 15 గ్రాముల గ్లూకోజు ఇచ్చి 15 నిమిషాల తర్వాత మళ్ళీ పరీక్షించాలి. మింగలేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ గురించి తక్కువగానే చెబుతాను. పొట్ట చర్మం కింద ఇచ్చాక రుద్దకూడదు, ప్లేట్‌లెట్లు చూడాలి, విరుగుడు ప్రోటమిన్. ఇవన్నీ మీకు తెలుసు. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. నరంలో పెట్టిన కాన్యులా గొట్టం మూసుకుపోకుండా వాడే పలుచటి హెపారిన్, చికిత్సకు వాడే చిక్కటి హెపారిన్ రెండూ ఒకే అరలో పక్కపక్కన ఉండకూడదు. పొటాషియం క్లోరైడ్ కూడా అంతే. పలచబరచకుండా నేరుగా నరంలోకి ఇస్తే గుండె ఆగిపోతుంది. అందుకే చాలా ఆసుపత్రులు గాఢమైన పొటాషియం యాంప్యూల్‌లను మామూలు వార్డుల అల్మారాల్లోంచి తీసేశాయి. నర్సును జాగ్రత్తగా ఉండమని వందసార్లు చెప్పడంకంటే ఆ యాంప్యూల్ చేతికి అందకుండా చేయడమే మేలని నా అభిప్రాయం.

అత్యవసర విభాగానికి వద్దాం. అడ్రినలిన్. నేను మొదట చెప్పిన మాటకు ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. గుండె ఆగిన మనిషికి 1 మిల్లీగ్రాము నరంలోకి, మూడు నుంచి ఐదు నిమిషాలకు ఒకసారి. తీవ్రమైన అలర్జీతో గొంతు బిగుసుకుపోతున్న పెద్ద మనిషికి అందులో సగం, అంటే 0.5 మిల్లీగ్రాము, అదీ తొడ బయటి వైపు కండరంలోకి. తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్ళీ. గుండె ఆగినప్పటి డోసును గుండె కొట్టుకుంటున్న మనిషికి నరంలోకి ఇచ్చేస్తే ఏమవుతుంది? బీపీ విపరీతంగా పెరుగుతుంది, గుండె లయ చెడిపోతుంది. మందు అదే, గది అదే, మంచం కూడా అదే కావచ్చు. మారినది రోగి పరిస్థితి. అన్నట్టు, అలర్జీ వచ్చిన మనిషిని లేపి కూర్చోబెట్టడానికో, నడిపించడానికో తొందరపడకండి. బీపీ పడిపోయిన మనిషి ఒక్కసారిగా నిటారుగా లేస్తే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఊపిరి ఆడక ఇబ్బంది పడుతుంటే కాళ్ళు చాపి కూర్చోబెట్టండి, లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టండి.

అలర్జీ మాట వచ్చింది కాబట్టి యాంటీబయాటిక్‌లు కూడా ఇక్కడే ముగిస్తాను. ‘మీకు ఏ మందైనా పడదా?’ అని అడిగి, ‘పెన్సిలిన్ పడదు’ అంటే అంతమాత్రమే రాసేసి ఊరుకోకండి. ఏం జరిగింది, ఎంతసేపట్లో జరిగింది అని కూడా అడగండి. కడుపులో తిప్పడం వేరు, దద్దుర్లతోపాటు ఊపిరి ఆడకపోవడం వేరు. వ్యాంకోమైసిన్‌ను కనీసం గంటసేపు మెల్లగా ఎక్కించాలి. తొందరగా ఎక్కిస్తే ముఖం, మెడ, ఛాతీ ఎర్రబడి దురద పుడుతుంది. అప్పుడు దాన్ని అలర్జీగా రాసేస్తే, ఆ మనిషికి రేపు అవసరమైన మందును మనమే దూరం చేసినవాళ్ళం అవుతాం. సెఫ్ట్రయాక్సోన్‌ను నవజాత శిశువులకు కాల్షియం ఉన్న ద్రవాలతోపాటు ఇవ్వకూడదు. రెండూ కలిసి గడ్డకట్టుకుంటాయి.

ప్రసూతి గదిలో ఆక్సిటోసిన్ సంగతి ఇంకా విచిత్రంగా ఉంటుంది. నొప్పులు రావడానికి దాన్ని డ్రిప్‌లో కలిపి, చుక్కలు లెక్కపెట్టుకుంటూ, తల్లి నొప్పులను, బిడ్డ గుండె చప్పుడును గమనిస్తూ కొంచెం కొంచెంగా పెంచుతాం. నొప్పికి, నొప్పికి మధ్య గర్భసంచి సడలకపోతే బిడ్డకు రక్తం అందదు, కాబట్టి అప్పుడు డ్రిప్ ఆపాలి. బిడ్డ పుట్టిన నిమిషంలోపే అదే మందును 10 యూనిట్లు ఒకేసారి కండరంలోకి ఇస్తాం, రక్తస్రావం కాకుండా. కాసేపటి క్రితం చుక్క ఎక్కువైతే భయపడిన మందును ఇప్పుడు మొత్తంగా ఇస్తున్నాం. ఆ పది యూనిట్లు ఇచ్చే ముందు ఒక పని ఉంది, ఏమిటో చెప్పండి. వెనక వరుసలో ఎవరో సరిగ్గా చెప్పారు: పొట్ట మీద చెయ్యి వేసి లోపల ఇంకొక బిడ్డ లేదని చూసుకోవాలి. ఈ మందును చల్లగా, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఎండ తగిలే కిటికీ పక్కన ట్రేలో రోజుల తరబడి ఉన్న యాంప్యూల్‌లో మందు బలం తగ్గిపోతుంది. రక్తస్రావం ఆగకపోతే తల్లిదే లోపమనుకుంటాం, యాంప్యూల్‌ది అనుకోం.

అదే గదిలో, బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్న తల్లికి మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తాం. ప్రతి కొత్త డోసుకు ముందు మూడు చూడాలి: శ్వాస నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా, మోకాలి మీద తడితే కాలు ఎగురుతోందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లకు తగ్గకుండా వస్తోందా. ఒంట్లో మెగ్నీషియం ఎక్కువవుతున్న కొద్దీ మొదట మోకాలి కుదుపు పోతుంది, తర్వాతే శ్వాస మందగిస్తుంది. అంటే ఆ చిన్న సుత్తి మనకు ముందే హెచ్చరిక ఇస్తుంది. ఖరీదైన యంత్రం ఏదీ అక్కర్లేదు. విరుగుడైన కాల్షియం గ్లూకోనేట్ మంచం పక్కనే సిద్ధంగా ఉండాలి, స్టోరులో కాదు.

వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో కథ మందగమనంగా నడుస్తుంది, అందుకే పొరపాటు కంటపడదు. మింగలేని పెద్దాయనకు మాత్రలన్నీ నూరి, ఏదో ఒకదానిలో కలిపి పెట్టేయడం ఎంత మామూలైపోయిందో మీరు చూసే ఉంటారు. ఏ మాత్రను నూరకూడదు? రోజంతా కొంచెం కొంచెంగా విడుదలయ్యేలా తయారుచేసిన మాత్రను నూరితే, రోజంతటి డోసు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది. పేగులో కరగడానికి పైపూత వేసిన మాత్రను నూరితే, పొట్టకు ఏ హాని జరగకూడదని ఆ పూత వేశారో ఆ హానే జరుగుతుంది. ద్రవ రూపం ఉందా అని ఫార్మసిస్టును అడగడం మన పని. అలాగే ఎముకల బలానికి ఇచ్చే అలెండ్రోనేట్ మాత్ర: ఒట్టి నీళ్ళతో మింగించి, కనీసం అరగంట నిటారుగా కూర్చోబెట్టాలి, లేకపోతే అన్నవాహికలో పుండు పడుతుంది. పడక దిగలేని మనిషికి ఆ మాత్ర రాసి ఉంటే, మింగించి పడుకోబెట్టేయడం కాదు, రాసినవారిని అడగాలి. థైరాయిడ్ మాత్రను పరగడుపున ఇవ్వాలి, కాల్షియం మాత్రతో కలిపి ఇవ్వకూడదు. రెండింటి మధ్య నాలుగు గంటలు ఉండాలి. ఇక రాత్రి నిద్రమాత్ర. అర్ధరాత్రి మూత్రానికి లేచి తూలి పడి తుంటి ఎముక విరిగిన తర్వాత ప్రమాదం అని రాస్తాం. సాయంత్రం మనం ఇచ్చిన మాత్రలు ఏవో కూడా ఆ పక్కనే రాయాలి కదా? ఏడెనిమిది మందులు వాడే మనిషిలో కొత్తగా ఏ లక్షణం కనిపించినా, అది కొత్త జబ్బు అనుకునే ముందు పాత మందు పని కాదు కదా అని చూడాలి.

మానసిక వైద్య విభాగంలో ఎక్కువసేపు ఆగను, ఉద్రేకం, దిగులు మధ్య మనసు ఊగిసలాడే జబ్బుకు ఇచ్చే లిథియం ఒక్కటి చెప్పి వెళ్తాను. దీనిలో పనికొచ్చే మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య దూరం చాలా తక్కువ. అందుకే రక్త పరీక్షకు నమూనాను చివరి డోసు తర్వాత 12 గంటలకు తీయాలి. వేళ తప్పితే వచ్చే అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినా, నొప్పికి ఐబుప్రోఫెన్ వేసుకున్నా లిథియం రక్తంలో పేరుకుపోతుంది. చేతులు ముతకగా వణకడం, మాట ముద్దగా రావడం, నడక తూలడం కనిపిస్తే మానసిక జబ్బు ముదిరిందని అనుకోవద్దు. ముందు లిథియం స్థాయి చూడమనండి.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్‌ను చివరికి దాచుకున్నాను, ఎందుకంటే దాని విషయంలో రెండు వైపులా తప్పు చేస్తున్నాం. ఆపరేషన్ అయిన రోగికి ఇస్తున్నప్పుడు శ్వాస లెక్కపెట్టడం ఒక్కటే చాలదు, మగత ఎంతుందో చూడాలి. శ్వాస తగ్గడానికి ముందు మగత పెరుగుతుంది. పిలిస్తే కళ్ళు తెరిచి, మాట మధ్యలోనే మళ్ళీ నిద్రలోకి జారుకుంటున్న రోగికి తర్వాతి డోసు ఇవ్వకూడదు. విరుగుడుగా నాలోక్సోన్ ఇచ్చాక రోగి లేచి మాట్లాడగానే ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోకండి. దాని ప్రభావం సాధారణంగా మార్ఫిన్‌కంటే ముందే తగ్గిపోతుంది, మగత తిరిగి రావచ్చు. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో మార్ఫిన్ నుంచి పుట్టే పదార్థాలు ఒంట్లోనే నిలిచిపోతాయి, వారిని ఇంకా ఎక్కువసేపు కనిపెట్టుకుని ఉండాలి.

ఇక నయం కాని జబ్బుతో చివరి రోజుల్లో ఉన్నవారి దగ్గర? అక్కడ మన తప్పు ఎక్కువ ఇవ్వడం కాదు, భయపడి తక్కువ ఇవ్వడం. నొప్పి వచ్చాక ఇవ్వడం కాదు, రాకముందే వేళకు, సాధారణంగా నాలుగు గంటలకు ఒకసారి నోటి ద్వారా ఇవ్వాలి. మధ్యలో నొప్పి లేస్తే దానికి వేరే డోసు రాసి ఉంచాలి. అలవాటైపోతుందని కుటుంబ సభ్యులు భయపడతారు. వారికి కోపం తెచ్చుకోకుండా వివరించండి. మలబద్ధకం మాత్రం మార్ఫిన్‌ను అంటిపెట్టుకునే ఉంటుంది, దానికి ఒళ్ళు అలవాటు పడదు. అందుకే మొదటి రోజు నుంచే విరేచన మందు కూడా ఉండాలి. నోటితో మింగలేని స్థితి వచ్చి చర్మం కిందికి ఇవ్వవలసి వచ్చినప్పుడు, నోటి డోసును అలాగే ఇంజెక్షనుగా ఇస్తే చాలా ఎక్కువవుతుంది. తగ్గించి ఇవ్వాలి. ఎంతకు తగ్గించాలో వేసిన లెక్కను ఇంకొకరితో చూపించుకోవాలి.

ఇంతవరకు ఒక్కొక్క చోటు గురించి చెప్పాను. కానీ మందులు దారి తప్పేది ఎక్కువగా ఒక చోటు నుంచి ఇంకొక చోటుకు రోగి వెళ్ళేటప్పుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో మందుల వల్ల కలిగే హానిని తగ్గించే ప్రపంచవ్యాప్త కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు మూడు విషయాలను ముందుకు తెచ్చింది: ప్రమాదం ఎక్కువున్న సందర్భాలు, ఒకే మనిషికి అనేక మందులు, రోగి ఒక సంరక్షణ నుంచి మరొకదానికి మారే సమయం. మూడోది పూర్తిగా మన చేతుల మీదుగా జరిగేది. వార్డులో బీపీ మందు మార్చారు. ఇంటికి వెళ్ళిన మనిషి కొత్తదీ వేసుకుంటాడు, ఇంట్లో మిగిలిన పాతదీ వేసుకుంటాడు. ఆసుపత్రిలో హెపారిన్‌తోపాటు రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ మాత్ర మొదలుపెట్టి ఇంటికి పంపారు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్ష మళ్ళీ ఎప్పుడో, ఎక్కడో ఎవరూ చెప్పలేదు. చిగుళ్ళ నుంచి రక్తం వస్తే అది మందు వల్ల కావచ్చునని ఆయనకు ఎవరు చెప్పాలి?

కాబట్టి చేర్చుకునేటప్పుడు ‘ఏ మందులు వాడుతున్నారు?’ అని అడిగి ఊరుకోకండి. ఇంట్లో ఉన్న మాత్రల సంచి మొత్తం తెప్పించండి. కళ్ళలో చుక్కలు, పీల్చే మందులు, ఒంటికి అంటించే పట్టీలు, కొట్టులో చీటీ లేకుండా కొన్నవి, వీటిని రోగులు మందులుగా లెక్కపెట్టరు, మీరు విడిగా పేరు పెట్టి అడగాలి. పంపించేటప్పుడు మూడు జాబితాలు చెప్పండి: కొనసాగించేవి, కొత్తగా మొదలైనవి, ఆపేసినవి. మొదటి రెండూ అందరూ చెబుతారు. ఆపేసినవాటిని చెప్పి, ఎందుకు ఆపారో చెప్పి, ఆ మాత్రలను సంచిలోంచి బయటికి తీయించి, ఇంట్లో మందులు చేతికిచ్చే మనిషి ఎవరో వారితో ఆ జాబితాను తిరిగి చెప్పించుకున్నాకే డిశ్చార్జి కాగితం మీద సంతకం పెట్టండి.